టీచర్ల లెక్క సరిపోయింది, మరి పిల్లల గోడు వినేదెవరు?

ప్రభుత్వ హైస్కూల్లో సిబ్బంది సంగతి ఎత్తగానే అధికారుల దగ్గర ఎప్పుడూ ఒకటే అంకె రెడీగా ఉంటుంది: ఒక టీచరుకి ఇంతమంది పిల్లలు అని. ఆ అంకె అబద్ధమేం కాదు. కానీ ఒక్కో క్లాసులో ఎంతమంది కూర్చున్నారో అది చెప్పదు. పీరియడ్ మధ్యలో ఏడుస్తూ బయటికొచ్చిన పిల్లతో మాట్లాడ్డానికి ఆ బిల్డింగులో ఎవరికైనా తీరిక ఉందో లేదో అసలే చెప్పదు.

అమెరికా పబ్లిక్ స్కూళ్లలో సగటున 15, 16 మంది విద్యార్థులకు ఒక టీచర్ ఉన్నట్టు లెక్క. హైస్కూల్ క్లాసుల్లో కూర్చునేది మాత్రం అంతకంటే ఎక్కువమందే, ఎందుకంటే ప్రత్యేక అవసరాలున్న కొద్దిమంది పిల్లలకి చెప్పే టీచర్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు, పైగా ఏ టీచరుకీ రోజులో అన్ని పీరియడ్లూ క్లాసులుండవు. 30 మంది చొప్పున ఐదు సెక్షన్లకి చెప్పే టీచర్ చేతిలో 150 మంది ఉంటారు. ఒక్కో వ్యాసం దిద్దడానికి 10 నిమిషాలు వేసుకున్నా మొత్తం 25 గంటలు, అదీ ఒక్క అసైన్‌మెంటుకి. ఇక వీళ్లు పిల్లల ఇళ్లకి ఫోన్లు ఎప్పుడు చేయాలి?

కౌన్సెలర్ల లెక్క ఇంకా ఘోరం. ఒక కౌన్సెలర్‌కి 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ ఎప్పటినుంచో చెబుతోంది. 2022-23లో అక్కడి జాతీయ సగటు 385. 180 పనిదినాలు, రోజుకి ఆరు గంటలు అనుకుంటే ఏడాదికి 1,080 గంటలు, వాటిని 385 మందికి పంచితే ఒక్కొక్కరికి మూడు గంటలు కూడా రావు. అందులోంచి టైమ్‌టేబుల్ మార్పులు, పరీక్షల ఏర్పాట్లు, లంచ్ డ్యూటీ తీసేయండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక పిల్లాడు చెబితే ఆ రోజంతా వాడికే ఇవ్వాలి, ఇచ్చి తీరాలి కూడా. ఆ రోజు కాలేజీ దరఖాస్తు గురించి అడగడానికి తలుపు దగ్గర నిలబడి వెనక్కి వెళ్లిపోయిన పిల్ల మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ కనిపించదు.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. లెక్కల టీచర్ లేకపోతే ఆ పీరియడ్ ఖాళీగా కనిపిస్తుంది, పిల్లలు అల్లరి చేస్తారు, తల్లిదండ్రులు గొడవకి వస్తారు, ఎవరో ఒకరిని సర్దుబాటు చేస్తారు. కౌన్సెలర్, సోషల్ వర్కర్, నర్సు లేకపోతే టైమ్‌టేబుల్లో ఒక్క గడి కూడా ఖాళీ కాదు. అందుకే బడ్జెట్ తగ్గిస్తే కత్తెర ముందు పడేది వీళ్ల మీదే. లేదంటే సగం పోస్టు ఇస్తారు, ఒకే మనిషిని రెండు మూడు బడులకి పంచి. అప్పుడు పిల్లలకి కష్టం మంగళ, గురువారాల్లోనే రావాలన్నమాట!

దీని ఫలితం తెలిసేది హాజరు పట్టీలో, అదీ ఆలస్యంగా. ఏడాదిలో పదో వంతు రోజులు, అంటే 180లో 18 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ మానేసిన పిల్లల వాటా అమెరికాలో 2018-19లో 15 శాతం దాకా ఉంటే 2021-22కి 28 శాతానికి చేరింది. దీనికి కోవిడే పెద్ద కారణం, సిబ్బంది కొరత ఒక్కటే అనను. కానీ ఆ పిల్లల్ని మళ్లీ బడికి రప్పించాలంటే ఎవరో ఒకరు ఇంటికెళ్లి తలుపు తట్టాలి కదా? అక్కడి కేంద్ర ప్రభుత్వం బడులకి దాదాపు 19,000 కోట్ల డాలర్ల కోవిడ్ సాయం ఇచ్చింది, చాలాచోట్ల ఆ డబ్బుతో సహాయక సిబ్బందిని తీసుకున్నారు, ఆఖరి విడతకి 2024 సెప్టెంబర్‌తో గడువు ముగిసింది. ఒక్కసారి వచ్చే డబ్బుతో ఏటా ఉండే అవసరం తీర్చబోతే ఇంతే.

భారతదేశంలో విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకానే వర్తిస్తుంది, కాబట్టి అందులోని టీచర్ల నిష్పత్తి 9, 10 తరగతుల జోలికే రాదు. ఆ చట్టం షెడ్యూల్లో కౌన్సెలర్ అనే పోస్టే లేదు. ఫిన్లాండ్ మాత్రం ఒక స్కూల్ సైకాలజిస్టుకి 780 మంది, సోషల్ వర్కర్‌కి 670 మంది విద్యార్థుల్ని మించకూడదని చట్టంలోనే రాసుకుంది.

అలాగని నిష్పత్తి పట్టుకుని ఊగిపోయినా లాభం లేదు. 1996లో కాలిఫోర్నియా చిన్న తరగతుల్లో పిల్లల సంఖ్య 20కి తగ్గిస్తామని హడావుడిగా నియామకాలు చేపట్టింది, పూర్తి అర్హత లేని టీచర్లు పెద్ద సంఖ్యలో వచ్చిపడ్డారు, పేదపిల్లల బడులకే ఎక్కువ.

టీచర్లే కౌన్సెలింగ్ చేయొచ్చు కదా అని ఇంకొందరంటారు. పిల్లల్లో మార్పు ముందు కనిపెట్టేది టీచరే, నిజమే. కనిపెట్టాక ఎవరి దగ్గరికి పంపాలి? 150 మందిలో పదిమందికి ఇంట్లో తీవ్ర సమస్యలుంటే, వ్యాసాలు దిద్దే ఆ 25 గంటల్లోంచే వాళ్లకీ టైమ్ తీయమంటారా?

బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు అడగాల్సింది మంజూరైన పోస్టులెన్ని అని కాదు. నిరుడు ఏ పోస్టు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది, కౌన్సెలర్ వారంలో ఎన్ని గంటలు ఇదే బడిలో ఉన్నారు, అందులో ఎన్ని గంటలు పరీక్షల డ్యూటీకి పోయాయి అని అడగండి. కొత్త పోస్టు తేవాలంటే ఏళ్లు పట్టొచ్చు. ఉన్న కౌన్సెలర్ చేతిలోంచి పరీక్షల పేపర్ల లెక్కలు, టైమ్‌టేబుల్ మార్పులు తీసి ఒక గుమాస్తాకి అప్పగించడానికి అంత కాలం పట్టదు, ఖర్చూ తక్కువే, వచ్చే టర్మ్ నుంచే మొదలుపెట్టొచ్చు.