ఉప్పు నేలకు తగ్గ ఇల్లు

అంతర్వేది నుంచి మొగల్తూరు దాకా తీరం వెంట కొత్త డాబాలకు కొదవ లేదు. కట్టి పదిహేనేళ్లు నిండకముందే శ్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు బయటపడిన ఇళ్లకూ కొదవ లేదు. తాటాకింటినో పెంకుటింటినో వదిలి డాబా కట్టుకోవడాన్ని మేం తప్పుపట్టం. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఊడ్చేశాక నెత్తిన కాంక్రీటు కప్పు కోరుకోవడం సహజం. పట్నంలో గీసిన ప్లానును అవే కొలతలతో ఉప్పు నేల మీద దించడమే అసలు లోపం.

ముందు నీటి సంగతి. డెల్టాలో ఇళ్ల పనులు ఊపందుకునేది వేసవిలో, కాలువలు కట్టేసేదీ అప్పుడే. దాంతో బోరు నీళ్లతోనే కాంక్రీటు కలుపుతారు, వాటితోనే తడుపుతారు. ఊచలు వేసిన కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు, అంటే ఉప్పులో ఉండి ఇనుమును తినే పదార్థం, లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదని కాంక్రీటు పనులకు దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణం. ఉప్పుతేలిన బోర్లు ఆ హద్దులో ఉండవు. ఉప్పు ఊచను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా రెట్టింపుకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. అందుకే కాలువలు పారుతున్నప్పుడే నీళ్లు నిల్వ చేసుకోవాలి. ఏటి ముఖద్వారాల దగ్గర, పోటునీరు తాకే ఇసుక ఎంత చౌకగా దొరికినా వద్దు.

బయటి స్తంభాలు, దూలాలు, సన్‌షేడ్లలో ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకి తగ్గకూడదు. యాభై కిలోల సిమెంటు బస్తాకు 22 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదు. పనిచోట జరిగేది వేరు. ఊచల కింద కంకర ముక్క పెట్టి సరిపెడతారు, పోత సులువవుతుందని నీళ్లు కుమ్మరిస్తారు. బూడిద కలిసిన పీపీసీ లేదా ఉక్కు కొలిమి చిట్టెం కలిసిన స్లాగ్ సిమెంటు వాడి, కనీసం పది రోజులు మంచినీటితో తడపాలి. గచ్చుకు ఖరీదైన టైల్స్ వేసి, ఊచల కింద పెట్టే కవరు బ్లాకుల దగ్గర పొదుపు చేయడం మమ్మల్ని అమితంగా బాధిస్తోంది.

నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. అక్కడ సాధారణంగా మూడున్నర మీటర్ల లోతు దాకా గుంత తవ్వి, అడుగున వెడల్పు చేసి పోసే కాంక్రీటు స్తంభాలు (అండర్‌రీమ్డ్ పైల్స్) దించి, వాటి పైదూలానికీ నేలకూ మధ్య ఖాళీ వదలాలి. తీరపు ఇసుకలో ఆ గుంత నిలవదు, వెడల్పాటి ఫుటింగులే (పునాది దిమ్మెలే) మేలు. పునాది పూడికకు రొయ్యల చెరువు మట్టి పోస్తే నిమ్ముతో పాటు ఉప్పు గోడలెక్కి రంగు రాలిపోతుంది. మంచి ఇసుకను అర అడుగు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. గోడ లేపే ముందు పునాది మీద నిమ్ము ఆపే 40 మిల్లీమీటర్ల కాంక్రీటు పట్టీ తప్పనిసరి.

ఇంటి గచ్చు ఎత్తును రోడ్డును బట్టి నిర్ణయించడం పొరపాటు. కొత్తగా వేసిన ప్రతిసారీ రోడ్డు పెరుగుతూనే ఉంటుంది. 1986 ఆగస్టు గోదావరి వరద నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఊరి పెద్దలు చూపిస్తారు, గచ్చు దానికి పైన ఉండాలి. నది మధ్య ఉన్న లంక గ్రామాల్లో అంత పూడిక సాధ్యం కాదు. పోసినా ఆ నీరు పక్కింట్లో చేరుతుంది. ఇంటిని స్తంభాల మీద లేపి, కింద వరదకు దారి వదలడమే మార్గం.

తుపానుగాలికి కిటికీ ఒక్కటి పగిలినా గాలి లోపలికి చొరబడి కప్పును కిందినుంచి తోస్తుంది. కాబట్టి అద్దాలకు బయట చెక్క తలుపులు ఉండాలి. గోడ మూలకు రెండడుగుల లోపు కిటికీ పెట్టకూడదు. వసారా పెంకుల కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా కట్టాలి. అది లేచిపోయినా గదులు మిగులుతాయి. ఇంటి పొడవు తూర్పు పడమరలకు ఉంటే పడమటి ఎండ తగ్గుతుంది, దక్షిణపు గాలి గదుల గుండా సాగుతుంది.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదానాల్లో ఇంటికి రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో రూ.1.30 లక్షలు ఇస్తున్నారు. ఉప్పుగాలి తాకే తీర మండలాలకు కనీసం ఆ పదివేల తేడా అయినా కేంద్రం వర్తింపజేయాలి. మండల గృహనిర్మాణ కార్యాలయాల్లో క్లోరైడు పరీక్షను ఉచితంగా చేయాలి. రేగడికి, ఇసుకకు, లంకకు వేరువేరు నమూనా ప్లాన్లను ప్రతి పంచాయతీలో, తాపీమేస్త్రికి అర్థమయ్యే తెలుగులో, వచ్చే వేసవి పనులు మొదలయ్యేలోగా అందుబాటులో ఉంచాలి.