ఆటలో అరటిపండు రాసుకున్న నిరసన లేఖ

మహారాజశ్రీ ఇంటర్నేషనల్ అఫైర్స్ మైనర్ గారికి,

మీ విద్యార్థి నమస్కరించి రాయునది. నా డిగ్రీలో అసలు సబ్జెక్టు (మేజర్) వేరే, దాని పక్కన చదువుతున్న రెండో సబ్జెక్టు (మైనర్) మీరు. ఈ మధ్యాహ్నం మీ డిపార్ట్‌మెంట్ ఆఫీసు బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చుని ఇప్పుడే వచ్చాను. ఇది నా చివరి సెమిస్టర్. మీరు పూర్తవడానికి మిగిలింది ఒకే ఒక్క సెమినార్, అంతర్జాతీయ సంస్థల మీద. "వచ్చే ఏడాది నీ సీటు ఎక్కడికీ పోదు" అని పోయినేడాది చెప్పింది మీవాళ్లే. నిజమే, ఎక్కడికీ పోలేదు. ఓ మేజర్ విద్యార్థి కింద భద్రంగా ఉంది.

సీట్లు 15 అట. మీరు ఏడాదంతా పాఠం చెప్పిన ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో కూడా అంతే. కాకపోతే అక్కడ శాశ్వత సభ్యులు ఐదుగురే, మిగతా పది సీట్లకు ఎన్నికలు పెడతారు. మీ గదిలో పదిహేనూ శాశ్వతమే.

మొదటి గంటలో చెప్పింది సీట్లు లేవని. రెండో గంటలో, ఉన్నా లాభం లేదన్నారు. సెమినార్‌కి ముందు 'పరిశోధనా పద్ధతులు' చదివి ఉండాలట. సరే, ఈ సెమిస్టర్‌లోనే రెండూ కలిపి చదువుతానన్నాను. ఆ కోర్సు మేజర్ వాళ్లకు మాత్రమేనట. మరి మైనర్ వాళ్లు ఎలా చదవాలండీ అంటే, అందుకు ప్రత్యేక అనుమతి ఉందన్నారు. అది ఎవరిస్తారు? సెమినార్ చెప్పే ప్రొఫెసర్. ఆయనెక్కడ? సెలవులో. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. మూడో గంట ఎందుకు కూర్చున్నానో నాకే తెలీదు. బహుశా చర్చలు కొనసాగుతున్నాయన్న భ్రమ కోసం.

మీ బ్రోషర్ మళ్లీ తీసి చదివాను. "అన్ని విభాగాల విద్యార్థులకూ స్వాగతం" అని మొదటి పేజీలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో కూడా సభ్యదేశాలన్నీ సమానమేనని రెండో అధికరణంలోనే రాసుకున్నారు. తర్వాత ఇరవయ్యేడో అధికరణానికి వస్తే, ముఖ్యమైన నిర్ణయాలకు శాశ్వత సభ్యుల సమ్మతి ఉండాలంటుంది. అంటే వాళ్లలో ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది, అదే వీటో. కానీ ఆ మాట చార్టర్ మొత్తం వెతికినా దొరకదు. మీ బ్రోషర్‌లోనూ "మేజర్లకే" అన్న మాట ఎక్కడా లేదు. "డిపార్ట్‌మెంట్ సమ్మతికి లోబడి" అని ఉంది, చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. 1945లో రాసినవాళ్ల దగ్గర శిష్యరికం బాగానే చేశారు.

మిగతావి పెద్దగా పట్టించుకోను. గ్రూప్ ప్రెజెంటేషన్ అంటే 1928 నాటి కెల్లాగ్–బ్రియాండ్ ఒప్పందమే: యుద్ధం చెయ్యబోమని అందరూ సంతకం పెడతారు, స్లైడ్లు మాత్రం ఒక్కడే చేస్తాడు. ఏ సంఘటన అడిగినా రియలిజం, లిబరలిజం, కన్‌స్ట్రక్టివిజం అని మూడు సిద్ధాంతాల పేర్లతో మూడు పేరాలు రాస్తే మార్కులు పడిపోవడం గురించి నాకేం ఫిర్యాదు లేదు, ఆ మార్కులు నేనూ తిన్నాను. నా అసలు డిగ్రీ గణితంలో అని తెలిసిన ప్రతివాళ్లూ "మరి ఇదెందుకు?" అని అడుగుతారు. దానికీ అలవాటు పడ్డాను.

కానీ ఆ సీటు సంగతి మాత్రం మింగుడు పడటం లేదు. రెండేళ్లు నీ కోసం పొద్దున్నే ఎనిమిదింటి క్లాసులకు వచ్చాను. అవును, నువ్వు అనే అంటాను, గారూ గీరూ అయిపోయింది. 1648 వెస్ట్‌ఫాలియా శాంతి ఒప్పందం దగ్గర్నుంచి మొదలుపెట్టి సార్వభౌమత్వం అంటే ఏమిటో బట్టీ పట్టించి, నా టైంటేబుల్ మీద నాకే సార్వభౌమత్వం లేకుండా చేశావు. ఫీజు తీసుకునేటప్పుడు నేను సభ్యుణ్ణి. హాజరు తీసుకునేటప్పుడూ సభ్యుణ్ణే. సీటు దగ్గరికొచ్చేసరికి ఆటలో అరటిపండునా?

వదిలేద్దామా అంటే, అదీ చేతకాదు. 1950లో సోవియట్ యూనియన్ చైనా సీటు ఏ ప్రభుత్వానిదన్న గొడవలో అలిగి భద్రతా మండలికి రావడం మానేసింది. సరిగ్గా అప్పుడే, జూన్‌లో, కొరియా యుద్ధం మీద తీర్మానం వచ్చింది. వీటో చేతిలో ఉన్నా వెయ్యడానికి మనిషి గదిలో లేడు. ఆగస్టులో గబగబా తిరిగొచ్చారు. ఆ పాఠం విన్న రోజు క్లాసులో పగలబడి నవ్వాను. నా మేజర్ నన్ను ఒక్కసారీ అలా నవ్వించలేదు. అలిగి వెళ్లిపోతే ఏమవుతుందో నేర్పింది నువ్వే కాబట్టి, అలగడం లేదు.

వెయిటింగ్ లిస్టులో నాది మూడో నంబరు. 1979లో భద్రతా మండలిలోని ఒక సీటు కోసం క్యూబా, కొలంబియా పట్టువిడవకుండా పోటీపడ్డాయి. 154 సార్లు ఓటింగ్ జరిగినా తేలలేదు. చివరికి ఇద్దరూ తప్పుకుంటే మరుసటి ఏడాది జనవరిలో ఆ సీటు మెక్సికోకి దక్కింది. నా ముందున్న ఇద్దరూ ఎవరో కనుక్కున్నాను. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదట.

రేపు మళ్లీ వస్తాను. బెంచీ ఖాళీగా ఉంచండి.

ఇట్లు,
తాత్కాలిక సభ్యుడు