మోళ్లు నిలబెడితే దండగా?

ఆర్నెల్లకు పీకేసే శిల్పాలకు పార్కులో చోటివ్వడం డబ్బు దండగ అని రాశారు ఓ వ్యాసకర్త. నేనొప్పుకోను. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ పార్కులో 2021లో అమెరికన్ కళాకారిణి మాయా లిన్ 49 ఎండిపోయిన సెడార్ చెట్లను నిలబెట్టింది. ఒక్కోటి దాదాపు 40 అడుగులు. న్యూజెర్సీ తీరపు అడవుల్లోకి ఉప్పునీరు చొచ్చుకొచ్చి చంపేస్తున్న చెట్లవి. చుట్టూ వేసవి పచ్చదనం, మధ్యలో ఆకన్నది లేని బూడిదరంగు మోళ్లు! పార్కులో బర్గర్ల కోసం క్యూలో నిలబడ్డవాళ్లు కూడా తలెత్తి చూడాల్సిందే. నవంబరులో తీసేశాక ఆ కలపతో అదే నగరంలోని బ్రాంక్స్ ప్రాంతపు కుర్రాళ్లు పడవలు కట్టారు. ఇందులో దండగేముంది? అదే పార్కులో 1876 నుంచీ సివార్డ్ అనే ఒకనాటి అమెరికా విదేశాంగ మంత్రి కంచు విగ్రహం ఉంది. దాని పక్కనే కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్లను ఆయనెవరని అడిగి చూడండి, ఎంతమంది చెబుతారో!