శివారు స్పీకరుకు నీరందేదెప్పుడు?

గోదావరి డెల్టాలో కొబ్బరికాయ ధర పడితే సభ పెడతారు. రొయ్యకు తెల్లమచ్చ తెగులు వస్తే నిపుణులు చెరువు గట్టున దిగుతారు. దాళ్వా పంటకు వంతులవారీగా నీళ్ళు వదిలితే రైతులు కాలువ మీద కూర్చుంటారు. ఇన్ని బాధలు పట్టించుకునే ఈ గడ్డ మీద, హాల్లో సోఫా వెనక మూలన నాలుగు నెలలుగా గొంతు పెగలని రెండు స్పీకర్ల గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క అర్జీ పెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తే మా వైపు వందల రకాల వంటకాలు వరుసగా పేర్చి, వాటి వెనక అతన్ని కూర్చోబెట్టి ఫొటో తీయించడం రివాజు. అంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు గనుక 65 అంగుళాల టీవీ, శబ్దాన్ని స్పీకర్లకు పంచే రిసీవరు ఒకటి, ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు కొన్నాం. బిల్లు కట్టి లేవబోతుంటే కుర్రవాడు ఆపాడు. "కేబుల్ ఏది పెట్టమంటారండీ?" అని మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. మొదటిది నాలుగు వందలు. రెండోది పదిహేను వందలు. మూడోది ఆరున్నర వేలు. అది మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలో, నిశ్చితార్థపు ఉంగరంలా ఒద్దికగా పడుకుని ఉంది. కొసలకు 24 క్యారట్ల బంగారు పూత అని పెట్టె మీద అచ్చు వేశారు.

మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు తిప్పి చూసింది. అరచేతిలో బరువు అంచనా కట్టింది. "తరుగు ఎంత?" అని అడిగింది.

కుర్రవాడు ఒక్క క్షణం తడబడినా నిలదొక్కుకున్నాడు. దీంతో చూస్తే వరిచేను పచ్చదనం ఇంకా పచ్చగా కనిపిస్తుందన్నాడు. వరిచేను పచ్చగా కనిపించాలంటే మాకు కిటికీ తెరిస్తే చాలు. అయినా అల్లుడి మర్యాద కదా, కొన్నాం. అంత పెద్ద కేబుల్ కొన్న సంతోషంతో అతను వెనక స్పీకర్లకు నూలుపోగులాంటి తీగ చుట్ట ఒకటి ఉచితంగా సంచిలో పడేశాడు. మా అనర్థమంతా ఆ ఉచితంలోనే ఉందని అప్పుడు తెలియలేదు.

ముందుగా బంగారం సంగతి తేల్చాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళే వాళ్ళందరికీ ఇది సులువుగా అర్థమవుతుంది. పంటు మీద మోటారు సైకిలు ఎక్కిస్తాం. అవతలి గట్టుకు చేరితే అదే మోటారు సైకిలు, అదే బురద, అదే కిక్కు రాడ్డు. పంటుకు బంగారు రంగు వేసినంత మాత్రాన బండి కొత్తదై దిగదు. హెచ్‌డీఎంఐ తీగలో, అంటే టీవీకీ రిసీవరుకూ మధ్య మేం కొన్న ఆ కేబుల్‌లో, పోయేది సున్నాలు, ఒకట్లు. అవి అవతలికి చేరితే బొమ్మ వస్తుంది, చేరకపోతే రాదు. కేబుల్ తట్టుకోలేకపోతే తెర మీద మెరుపుచుక్కలు రాలతాయి, లేదా బొమ్మ మాయమై మళ్ళీ వస్తుంది. అంతే తప్ప నాలుగు వందల కేబుల్‌లో లేత పచ్చ, ఆరున్నర వేల కేబుల్‌లో ముదురు పచ్చ అనేవి ఉండవు. అయితే బంగారాన్ని పూర్తిగా తీసిపారేయడం కూడా అన్యాయమే. దానికి తుప్పు పట్టదు. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఇంట్లో గొళ్ళాలే పొడిపొడిగా రాలుతుంటాయి. కాబట్టి కొసన సన్నని పూత ఉంటే మంచిదే. అది నాలుగు వందల కేబుల్‌కు కూడా ఉందని ఇంటికి వచ్చాక పక్కింటి వాళ్ళది చూసి తెలుసుకున్నాను.

ఇక జాతి నిర్ణయం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న నేల ఇది. వరద ఎర్రనీరు దిగే రోజుల్లో ఎక్కడి నుంచో మంచులో పెట్టి తెచ్చిన ఇలసను పులస అని అమ్మే వాళ్ళకు ఇక్కడ లోటు లేదు. కేబుళ్ళలో కూడా ఈ వ్యాపారం నడుస్తోంది. పెట్టె మీద "2.1 కేబుల్" అని పెద్ద అంకె వేస్తారు. ఆ అంకె పరికరాల ప్రమాణానిది. కేబుల్ మీద అంకె వేయవద్దని, వేగం పేరే వేయాలని ఆ ప్రమాణం నడిపే వాళ్ళే నియమం పెట్టారు. చూడాల్సినవి రెండు పేర్లు. ప్రీమియం హై స్పీడ్ అంటే సెకనుకు 18 గిగాబిట్లు, అల్ట్రా హై స్పీడ్ అంటే 48. సెకనుకు 60 ఫ్రేముల 4కె బొమ్మకు మొదటిది చాలు. రెండోది 120 ఫ్రేముల ఆటలు ఆడుకునే పిల్లలున్న ఇంటికి. అసలు సరుకైతే పెట్టె మీద క్యూఆర్ కోడ్ చీటీ ఉంటుంది, ఫోనుతో చూసుకోవచ్చు. పులసకు కూడా అలాంటి చీటీ ఒకటి అంటించే ఏర్పాటు జరిగితే జిల్లాలో సగం తగాదాలు తీరిపోతాయి.

పులస మాట వచ్చింది కాబట్టి మా పండగ రోజు అవమానం కూడా చెప్పాలి. అల్లుడు వచ్చాడు, కూర్చున్నాడు, బొమ్మ వచ్చింది. శబ్దం మాత్రం టీవీలోని చిన్న స్పీకర్లలోంచే వస్తోంది. ఐదుగురు పెద్దలు ఐదు దిక్కుల మౌనవ్రతం. టీవీలోనే ఉన్న యాప్‌లో సినిమా పెడితే ఆ శబ్దం టీవీ నుంచి రిసీవరుకు వెనక్కి రావాలి. అంటే సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురీదే పులసలాగా, బొమ్మ దిగిన తీగలోనే శబ్దం ఎదురెక్కాలి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచి ఈ ఏర్పాటు ఉంది, పేరు ఏఆర్‌సీ. అయితే పులస అన్ని పాయల్లోకీ ఎక్కదు. టీవీ వెనక నాలుగు సాకెట్లలో ఒక్క దాని కిందే ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. అల్లుడు పంచె ఎగగట్టి, ఫోను లైటు వేసి, గోడకూ టీవీకీ మధ్య తల దూర్చాడు. బూజు, రెండు బల్లి గుడ్లు, వాటి పక్కన నువ్వుగింజంత అక్షరాలు. మా ఆరున్నర వేల బంగారం ఆ పక్క సాకెట్‌లో వెలుగుతోంది. తల మీద బూజుతోనే అతను బయటికి వచ్చి "మామయ్యగారూ, ఒక్క గడి పక్కకు" అన్నాడు. ఏ వంటకానికీ దక్కని ఫొటో ఆ బూజుకు దక్కింది.

కొందరు ఆప్టికల్ తీగే వేసుకోమంటారు. తోషిబా వాళ్ళు 1983లో తెచ్చిన ముచ్చటైన సరుకు, కొసన ఎర్రగా దీపం వెలుగుతుంది. కరెంటు దాటదు కాబట్టి గుయ్యిమనే హోరు కూడా దాటదు. పాత 5.1 శబ్దం, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు వరకు పరవాలేదు, నెత్తి మీద నుంచి కూడా వినిపించే అట్మాస్ శబ్దం మాత్రం అందులో పట్టదు. కొస మీద ఉండే ప్లాస్టిక్ టోపీ తీయకుండా గుచ్చి దుకాణం మీద పోట్లాటకు వెళ్ళిన పెద్దమనిషి మా వీధిలోనే ఉన్నారు, పేరు చెప్పను.

తీగల పండితులు మరో రకం. కొత్త స్పీకరు తీగ వంద గంటలు మోగితే గాని పాకానికి రాదట. ఆవకాయ మూడో రోజుకు ఊరుతుంది, కాదనను. రాగి ఊరడం నేను ఎక్కడా వినలేదు. తీగ నేలకు తగిలితే శబ్దం చెడుతుందని చిన్న చిన్న కొయ్య పీటలు అమ్మే వాళ్ళు కూడా ఉన్నారు. పీట మీద కూర్చునే హక్కు ఇంటి పెద్ద తరువాత తీగకే వచ్చింది.

ఇంత విద్వత్తు నడుస్తున్నా వెనక స్పీకర్లు మాత్రం పలకలేదు. ఎడమది అప్పుడప్పుడు దగ్గుతుంది. కుడిది నూతిలోంచి మాట్లాడుతుంది. చివరికి వేసవిలో ఒక సాయంత్రం మా వీధి చివర ఉండే లస్కరుగారు కాఫీకి వచ్చారు. ముప్ఫయ్యేళ్ళు మధ్య డెల్టా కాలువల మీద తూములు ఎత్తి దించి రిటైరైన మనిషి. టీవీ కేసి చూడనైనా లేదు. తీగ ఎటు పోయిందో దాని వెంబడే గోడవార నడుచుకుంటూ వెళ్ళారు, గట్టు మీద నడిచినట్టు.

"ముందున్న మూడూ బాగా మోగుతున్నాయా?"

"మోగుతున్నాయండి. ఎడమ, మధ్య, కుడి."

"తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలనండి. వాటికి కాలువ హెడ్డు దగ్గర. ఈ వెనక రెండూ కాలువ చివరి శివారు. ఎంత దూరం?"

గోడ చుట్టూ తిరిగి వెళ్తుంది కనుక పన్నెండు మీటర్లని చెప్పాను.

ఆయన ఆ ఉచిత తీగను వేళ్ళ మధ్య నలిపి చూసి, జేబులోంచి బ్లేడు తీసి పైన గీశారు. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. "కాంట్రాక్టరు పని. పైన సిమెంటు పూత, లోపల ఇసుక" అన్నారు. రాగి కన్నా అల్యూమినియం కరెంటుకు ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డుపడుతుంది. దానికి తోడు తీగ అర చదరపు మిల్లీమీటరు. రానూ పోనూ 24 మీటర్లకు లెక్క కడితే ఆ అడ్డు ఒక ఓమ్ దాటింది. మా స్పీకరు మొత్తం ఆరు ఓమ్‌లు. అందులో ఇరవయ్యో వంతుకు మించి తీగలో పోకూడదన్నది ఈ పనిలో ఉన్న వాళ్ళ లెక్క. మాకు దగ్గర దగ్గర ఐదో వంతు పోతోంది. "ఈ బోదెతో శివారు పొలం తడుపుదామనుకున్నారా?" అని అడిగారు లస్కరుగారు. నేను బంగారు కేబుల్ చూపించాను. "హెడ్డు దగ్గర తూముకు బంగారు తలుపులు పెట్టించారన్న మాట" అన్నారు.

అక్కడితో ఆగలేదు. తివాచీ కింద తీగ సగంలో అతుకు ఒకటి దొరికింది. చాలక మేమే మెలిపెట్టి టేపు చుట్టాం. టేపు విప్పితే పొడిపొడిగా రాలింది, రాగి పూత ఉన్న చోట ఆకుపచ్చ చిలుము. "గండి" అన్నారాయన, ఊరు మునిగినంత గంభీరంగా. ఎడమ స్పీకరు దగ్గు అక్కడిది. కుడిదానికి ప్లస్సు, మైనస్సు తారుమారు చేశాం. ఒక స్పీకరు గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది, మధ్యలో శబ్దం చప్పబడుతుంది. ఒక కాలువ కింద ఇద్దరు ఆసామీలు ఎదురెదురుగా తూములు దించుకుంటే ఎలా ఉంటుందో తమకు తెలుసన్నారు.

మర్నాడు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీగ, అతుకు లేకుండా ఒకే ముక్కగా తెచ్చి వేశాం. రెండు స్పీకర్లకూ కలిపి అయిన ఖర్చు బంగారు కేబుల్‌లో సగం కూడా లేదు. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకు మేము విగ్రహాలు కట్టి దండలు వేస్తాం. ఆయన నీటిని ధవళేశ్వరం దగ్గర ఆపి ఊరుకోలేదు, సముద్రం ఒడ్డు దాకా కాలువలు తవ్వించారు. ఆ నేల మీద పుట్టి ఆరున్నర వేలు రెండు మీటర్ల తీగ మీద పోసి, పన్నెండు మీటర్లకు ఉచితం వేసినందుకు నేను ఆయన విగ్రహం ముందు నుంచి తలెత్తుకుని నడవలేకపోతున్నాను. ప్రతి వంద హోం థియేటర్లకు ఒక లస్కరు పోస్టు మంజూరు చేయాలని, శివారు స్పీకర్ల సంఘాన్ని రిజిస్టరు చేయాలని ఇందుమూలంగా కోరుతున్నాను.

ఆ సాయంత్రమే సెలవులకు వచ్చిన అల్లుడు వాన కురిసే సినిమా ఏదో పెట్టాడు. సోఫా వెనక ఉరిమింది. చూరు మీద చినుకులు పడ్డాయి. వంటింట్లో ఉన్న మా అమ్మ చేతిలో గరిట వదిలేసి, డెబ్బై రెండేళ్ళ వయసులో మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, మేడ మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలు చీరతో సహా చుట్టి కిందికి తెచ్చేసింది. పైన ఆకాశం నిండా నక్షత్రాలు. శబ్దానికి ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఏ కంపెనీ ఇవ్వగలదని నేను పొంగిపోయాను. అమ్మ మాత్రం నా వంక ఒక్క చూపు చూసి మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ ఉరిమింది. చూరు మీద చినుకులు టపటపమన్నాయి. అమ్మ ఈసారి మంచం మీద నుంచి లేవలేదు. "ఆ దిక్కుమాలిన పెట్టె కట్టండర్రా!" అని కేకవేసి పక్కకు తిరిగి పడుకుంది.

హాల్లో ఎవరూ లేరు. కరెంటు పోయి పావుగంట అయింది. మేడ మీద వడియాలు మళ్ళీ పిండి అయిపోయాయి.