పైన డ్రోన్, గట్టు మీద సద్ది డబ్బా

పురుగుమందుల జాగ్రత్తలు అనగానే వ్యవసాయ శాఖ కరపత్రం నుంచి టీవీ చర్చ దాకా అందరూ మందు కొట్టేవాడి ముక్కు దగ్గరే మొదలుపెడతారు. మాస్కు కట్టుకో, గ్లౌజులు తొడుక్కో, గాలికి ఎదురుగా కొట్టకు. అన్నీ సరైన మాటలే. కానీ గాల్లో కలిసిన మందు కొట్టినవాడి దగ్గరే ఆగిపోదు. పక్క చేలో మిరపకాయలు కోస్తున్న కూలీల మీద, గట్టు మీద పెట్టుకున్న వాళ్ల సద్ది డబ్బాల మీద, మూత లేని నీళ్ల బిందెలో కూడా పడుతుంది. వాళ్లకు మాస్కులు ఎవరూ ఇవ్వరు. కనీసం ఈ పూట ఇక్కడ మందు కొడుతున్నామన్న కబురైనా చెప్పరు. మన దగ్గర అసలు లోపం ఈ కబురు దగ్గరే ఉందని నా అభిప్రాయం.

మాస్కు మీద ఇంత పట్టు మనకు ఎందుకో తెలియాలంటే 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది పత్తి మనిషి తలను మించి ఎదిగింది. పైకెత్తి కొట్టిన మందు కొట్టినవాళ్ల మీదే తిరిగి పడింది. ఒక్క యవత్మాల్ జిల్లాలోనే దాదాపు 20 మంది రైతులు, కూలీలు చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ తర్వాత ఎక్కడ చూసినా రక్షణ కిట్ల మాటే. ఆ ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని, వీపున పదహారు లీటర్ల ట్యాంకు మోస్తూ సాయంత్రం దాకా ఎవరు తిరగగలరో కిట్లు పంచినవాళ్లు ఆలోచించినట్టు లేదు. చివరికి మన పొలాల్లో మాస్కు అంటే మూతికి చుట్టుకున్న తువ్వాలే. అది మందుకు తడిసి, ఆ తడిని గంటల తరబడి ముక్కుకే అంటిపెట్టి ఉంచుతుంది.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. మందు కొట్టే మనిషి చేలో దిగనక్కర్లేదు కాబట్టి యవత్మాల్ లాంటి ముప్పు తగ్గుతుంది. ఇది చిన్న మేలు కాదు, ఒప్పుకోవాల్సిందే. కేంద్రం ‘నమో డ్రోన్ దీదీ’ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వడానికి రూ.1,261 కోట్లు కేటాయించింది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల దాకా సబ్సిడీ. అయితే లెక్కలో ఇంకో వైపు కూడా ఉంది. చేతి పంపుతో ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లలో కలిపే మందును డ్రోన్ సుమారు 10 లీటర్లలోనే కొడుతుంది. అంటే ఒక్కో తుంపరలో మందు చిక్కదనం 15 నుంచి 20 రెట్లు. పైగా కొట్టేది పంట నెత్తి మీద నుంచి, సన్నటి తుంపర్లుగా. తుంపర ఎంత సన్నదైతే గాలికి అంత దూరం పోతుంది. డ్రోన్ అద్దెకు తిప్పేవాళ్లకు డబ్బులు ఎకరాల లెక్కన వస్తాయి. గాలి లేచిందని గంటసేపు ఆగితే ఆ గంట కూలి పోయినట్టే. ఆగే పైలట్లు లేరని అనను. ఆగినందుకు వాళ్లకు పైసా దక్కదు, అంతే.

మరి నిబంధన లేదా అంటే, ఉంది. యాభై ఏళ్లకు పైగా ఉంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 43వది ఆకాశం నుంచి మందు చల్లడం గురించే. చల్లడానికి కనీసం 24 గంటల ముందు అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయాలి. చల్లే చోటును గుర్తించి, సంబంధం లేని మనుషులనూ పశువులనూ నిర్ణీత కాలం పాటు అటు రానివ్వకూడదు. నడిపేవాళ్లకు మందు ఒంటికి ఏం చేస్తుందో శిక్షణ ఇవ్వాలి. విమానాలను, హెలికాప్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన మాటలివి. అయినా డ్రోన్ కొట్టేదీ ఆకాశం నుంచే.

ఈ నిబంధన పుస్తకంలో ఉండగానే కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లు రెండు దశాబ్దాలకు పైగా ఎండోసల్ఫాన్ చల్లాయి. తోటలు ప్రభుత్వ రంగ ప్లాంటేషన్ కార్పొరేషన్‌వి. తోటల మధ్యే ఇళ్లు, మూతల్లేని బావులు. 2000లో చల్లడం ఆగింది, 2011లో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతా నిలిపేసింది, 2017లో బాధితులకు తలా రూ.5 లక్షలు ఇవ్వాలంది. నిబంధన రాసిపెట్టుకోవడానికీ అమలుకూ మధ్య దూరం ఎంతో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ముందురోజు కబురు అందితే ఊళ్లో ఏం మారుతుంది? చాలా మారుతుంది. హిందూపురం, పలమనేరు వైపు మల్బరీ వేసినవాళ్లను అడగండి. పక్కన టమాటాకు కొట్టిన మందు ఆకు మీద పడి, ఆ ఆకు పట్టుపురుగులకు వేస్తే షెడ్డు మొత్తం పోతుంది. రేపు కొడతారని ఇవాళ తెలిస్తే సాయంత్రమే ఆకు కోసుకుంటారు. తేనెటీగల పెట్టెలున్నవాళ్లు పెట్టెలు జరుపుకుంటారు. పశువులను ఆ పక్కకు తోలరు. కూలీల మేస్త్రి వాళ్లను ఆ పూటకు వేరే చేలో దించుతాడు. వరి గట్ల మీద 2,4-డి కలుపుమందు కొట్టేవాళ్లు చెప్పకపోతే ఏమవుతుందో పత్తి రైతుకు తెలుసు: కొన్ని రోజుల్లోనే పత్తి ఆకులు సన్నగా చీలి వేళ్లలా తయారవుతాయి. అప్పుడు పెద్దమనుషుల దగ్గర పంచాయితీ.

ముందే చెబితే గొడవలవుతాయని కొందరు రైతులంటారు. నిజమే, అవుతాయి. ‘ఇవాళ వద్దు, మా కోత ఉంది’ అని పక్కవాడు అడ్డం తిరగొచ్చు. ఆ గొడవ మందు పడకముందు జరగడమే మంచిది. పురుగు రేపటిదాకా ఆగదన్న వాదన డ్రోన్ విషయంలో నిలవదు. డ్రోన్‌ను ముందే మాట్లాడుకుంటారు కాబట్టి కబురుకు టైము ఉన్నట్టే.

ఇక పొగమందు (విషవాయువుతో పురుగులను, ఎలుకలను చంపే మందు) సంగతి. గోడౌన్లలో, మిల్లుల్లో ధాన్యానికి, పొలంలో ఎలుక బొరియలకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల బరువు 3 గ్రాములు. తేమ తగిలితే అందులోంచి సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో, గాలి బయటికి పోకుంటే, ఒక్క బిళ్లతో ఆ వాయువు పది లక్షల వంతుల్లో 25 వంతులకు చేరుతుంది. ఎనిమిది గంటల పనికి అమెరికా కార్మిక నిబంధన పెట్టిన హద్దు 0.3 వంతు. అంటే 80 రెట్లు దాటింది. దీనికి విరుగుడు మందు లేదు. తువ్వాలు కాదు కదా, మామూలు మాస్కు కూడా దీన్ని ఆపదు. గోడ పగుళ్లలోంచి, తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పోతుంది. అందుకే దీన్ని ప్రభుత్వ సంస్థలకు, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లకు తప్ప అమ్మకూడదని ఆంక్ష. అయినా పెసలకు పుచ్చు పట్టిందని పడక గదిలోని బస్తాల మధ్య ఈ బిళ్లలు పెట్టే ఇళ్లున్నాయి.

2017 జనవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం అమరిల్లోలో ఒక కుటుంబం ఎలుకల కోసం ఇంటి కింద ఈ మందు వేసింది. వాసన వస్తోందని ఇంటాయన నీళ్లు పెట్టి కడిగాడు. నీళ్లకు వాయువు ఒక్కసారిగా ఎగదన్నింది. నలుగురు పిల్లలు చనిపోయారు. విషం పడితే కడిగెయ్యడం ఎవరికైనా తోచే పని, మనకూ అదే తోస్తుంది. ఈ మందుకు నీళ్లు తగలకూడదన్న ఒక్క ముక్క తెలుగులో, పెద్దక్షరాల్లో, బిళ్లలు పెట్టిన గది తలుపు మీద ఉండాలి. ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తెరవాలి అన్నదీ రాయాలి. సీసా మీది చిన్నక్షరాలు పక్కింటివాళ్లకు కనపడవు.

డ్రోన్‌తో మందు కొట్టేముందు ఊరికి కబురు చెప్పడానికి కొత్త వ్యవస్థ ఏదీ అక్కర్లేదు. పొద్దున్నే తిరిగే పంచాయతీ చెత్త బండికి మైకు ఉంది. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి, ఊరూరా వాట్సాప్ గ్రూపులున్నాయి. ఏ సర్వే నంబరులో, ఏ మందు, ఎన్ని గంటలకు అని ముందురోజు చెప్పించి, ఆ వివరం పైలట్ పుస్తకంలో రాయించాలి. డ్రోన్ సబ్సిడీని ఆ పుస్తకానికి ముడిపెడితే పాటిస్తారు. లేదంటే 43వ నిబంధన ఇప్పటిదాకా ఉన్నట్టే ఇకముందూ కాగితం మీదే ఉంటుంది.