మేఘమథనానికి ముందు కొలబద్ద

తొలకరి వెనకపట్టిన ప్రతి ఏడాదీ, మబ్బుల్లో రసాయనాలు చల్లి వాన కురిపించే మేఘమథనం మాట మళ్లీ వినిపిస్తుంది. 2004 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జేఎన్‌టీయూ సాంకేతిక సహకారంతో రాయలసీమ మీదుగా విమానాలు తిప్పి మబ్బుల్లో రసాయనాలు చల్లించింది. 2017లో కర్ణాటక ‘వర్షధారి’ పేరుతో అదే పని చేసింది. ఇంత ప్రజాధనం ఆకాశంలోకి పంపేటప్పుడు, దాని వల్ల పొలంలో అదనంగా ఎంత తడి దిగిందో తేల్చే ఏర్పాటు కూడా వెంట ఉండాలని మేము కోరుతున్నాం.

ఈ విద్య వెనుక ఉన్న శాస్త్రం అబద్ధం కాదు. సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు మేఘంలో ఉంటాయి. మంచు స్ఫటికాన్ని పోలిన సిల్వర్ అయోడైడ్ రేణువు తగిలితే అవి గడ్డకట్టి, చుట్టూ ఉన్న తేమను లాక్కుని, బరువెక్కి రాలతాయి. అంత చల్లగా లేని మేఘాల్లో ఉప్పు రేణువులు బిందువులను పెద్దవి చేస్తాయి. 1946లో అమెరికాలో శాస్త్రవేత్తలు షేఫర్ పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్)తో, వానెగట్ సిల్వర్ అయోడైడ్‌తో చూపించినప్పటి నుంచి ఇది తెలిసిందే. చిక్కంతా ఆ తర్వాతే వస్తుంది. విమానం ఎగిరేది మబ్బు పట్టిన రోజునే. ఆ మబ్బు మందు చల్లకపోయినా కురిసేదేమో. పైగా ఇలాంటి పథకాలు మొదలయ్యేది కరవు ఏడాదిలో. మరుసటి ఏడు వర్షపాతం మామూలు స్థాయికి వచ్చినా ఆ ఘనత పథకం ఖాతాలో పడుతుంది. ఎన్ని గంటలు ఎగిరారు, మందును పొగగా వదిలే గొట్టాలు (ఫ్లేర్లు) ఎన్ని కాల్చారు అన్నవి ఖర్చు లెక్కలే తప్ప ఫలితాల లెక్కలు కావు.

నికరమైన పద్ధతి ఒక్కటే ఉంది. అనువైన మేఘం కనిపించాక, దానికి మందు చల్లాలా వద్దా అన్నది పైలట్ ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించి, రెండు రకాల మేఘాల కింద పడిన వానను పోల్చాలి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 1973-1986 మధ్య మహారాష్ట్రలోని బారామతిలో పదకొండు వర్షాకాలాలు ఇలాగే ఉప్పు చల్లి, 24 శాతం పెరుగుదల చూపింది. అదే సంస్థ 2018, 2019లలో పడమటి కనుమలు వానను అడ్డుకునే వర్షచ్ఛాయ ప్రాంతంలో ఉన్న సోలాపూర్ దగ్గర 276 మేఘాలను పరీక్షించింది. మందు చల్లిన చోటికి గాలివాలున సుమారు వంద చదరపు కిలోమీటర్లలో సగటున 18 శాతం ఎక్కువ వాన పడిందని తేల్చింది. అంటే 10 మిల్లీమీటర్ల జల్లు దాదాపు 12 అవుతుంది. ఊడలు దిగుతున్న వేరుశనగకు ఆ రెండు మిల్లీమీటర్లూ విలువైనవే. అయితే ఆ పెంపు ఉన్న మేఘానికే. మబ్బే లేని ఆకాశంలో పెంచడానికి ఏమీ ఉండదు, 2025 అక్టోబరులో ఢిల్లీ మీద తేమ చాలని మబ్బుల్లో జరిపిన ప్రయత్నాలు ఆ సంగతినే చూపాయి.

పరీక్ష ఒకసారి నెగ్గితే చాలదని ఇజ్రాయెల్ అనుభవం చెబుతోంది. 1960లలో జరిపిన ప్రయోగంలో వాన 15 శాతం పెరిగిందని తేలడంతో ఆ దేశం దశాబ్దాలపాటు మేఘమథనం సాగించింది. ఫలితాలపై సందేహాలు ముదిరాక 2013-2020 మధ్య దేశపు ఉత్తర భాగంలో మళ్లీ చీటీ పద్ధతిన పరీక్షించింది. పెరుగుదల 1.8 శాతమేనని, అది కూడా కాకతాళీయం కావచ్చని తేలాక కార్యక్రమాన్ని ఆపేసింది. నచ్చని జవాబు వచ్చినా దాన్ని ఒప్పుకోగల ఆ తీరు మన ప్రభుత్వాలకు రావాలి.

మేఘమథనంతో వడగళ్లను కూడా తగ్గించవచ్చన్న వాదనకు ఆధారాలు ఇంకా పలుచన. మందు వల్ల వడగళ్లకు మూలమయ్యే మంచు అంకురాలు ఎక్కువైతే, అవి ఉన్న నీటిని పంచుకుని చిన్నవై, నేల చేరేలోపే కరుగుతాయన్నది సిద్ధాంతం. అమెరికాలోని నార్త్ డకోటాలో పంట బీమా లెక్కలు తిరగేసిన పరిశోధకులు, మందు చల్లిన జిల్లాల్లో వడగళ్ల నష్టం 45 శాతం తక్కువని 1997లో రాశారు. కానీ అది చీటీ తీసి చేసిన పరీక్ష కాదు, పాత లెక్కల పోలిక. స్విట్జర్లాండ్‌లో 1977-1981 మధ్య సోవియట్ రాకెట్లతో చీటీ పద్ధతిన పరీక్షించారు. పొలాల్లో నురుగు పలకలు పరిచి, వడగళ్లు పడ్డ చోట ఏర్పడిన సొట్టలను ఒక్కొక్కటీ కొలిచారు. అయిదేళ్ల తర్వాత, మందు పడిన వడగళ్ల మేఘానికీ పడనిదానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇక పేలుడు శబ్దంతో వడగళ్లను చెదరగొడతామనే ఫిరంగులకు శాస్త్రీయ ఆధారమే లేదని ప్రపంచ వాతావరణ సంస్థ ఏనాడో చెప్పింది.

2023 మార్చిలో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో రాళ్లవాన పడినప్పుడు మక్క ఆకులు పీలికలయ్యాయి, మామిడి పిందెలు చెట్ల కింద పరుచుకున్నాయి. ఎకరాకు 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. అలాంటి రైతుకు విమానం ఆశ చూపడం అన్యాయమని మా అభిప్రాయం. హిమాచల్ యాపిల్ తోటలకు వేసే వడగళ్ల వలల్ని కూరగాయలకు, పండ్ల తోటలకు రాయితీపై ఇవ్వవచ్చు. యాసంగి నాట్లు ముందుకు జరిపి కోతలు త్వరగా ముగించేలా నీటి విడుదల తేదీలు మార్చవచ్చు. ఫసల్ బీమాలో వడగళ్ల నష్టాన్ని 72 గంటల్లో తెలపాలన్న నిబంధన ఉంది. కరెంటు స్తంభాలు కూలి, ఫోన్లు మూగబోయిన ఊళ్లలో ఆ గడువు కొండంత భారం. నష్టం నమోదు చేసే బాధ్యతను గ్రామంలోని వ్యవసాయ విస్తరణ అధికారికి అప్పగించాలి.

మేఘమథనాన్ని మళ్లీ తలపెట్టే ప్రభుత్వం ముందుగా రాడార్‌ను, మండలానికి తగినన్ని వర్షమాపకాలను సమకూర్చుకోవాలి. అనువైన మేఘాల్లో సగాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. విశ్లేషణను విమానాలు నడిపే కాంట్రాక్టర్‌తో సంబంధం లేని శాస్త్రవేత్తలకు అప్పగించాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఎగిరిన ప్రతి విమానం ఏ రోజు, ఏ మండలం మీద, ఎంత మందు చల్లిందో చెప్పే రికార్డులను ఆనాటి మండల వర్షపాత పట్టికలతో కలిపి పరిశోధకులకు అందుబాటులో పెట్టాలి. ఆ పనికి కొత్త విమానమేదీ అక్కర్లేదు.