రెండు నిమిషాల మౌనం

ఎక్కిళ్ళు వచ్చిన మనిషికి ప్రైవసీ అంటూ ఉండదు. తలనొప్పి వస్తే దాచుకోవచ్చు. అప్పులుంటే ఇంకా బాగా దాచుకోవచ్చు. ఎక్కిళ్ళు మాత్రం ఎక్కడ వచ్చినా తమ రాకను తామే చాటుకుంటాయి. అవి చాటుకున్న మరుక్షణం చుట్టూ ఉన్నవాళ్ళందరూ డాక్టర్లైపోతారు.

నాకవి వచ్చింది ఆఫీసు సంతాప సభలో. నేను ఉద్యోగంలో చేరడానికి చాలా ముందే రిటైరైన పెద్ద ఆఫీసరు ఒకాయన పోయారు. ఆయన్ని నేను చూడటం అదే మొదలు, అదీ బల్లమీద పెట్టిన ఫొటోలో. అందరం లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. లేచాం. తలలు దించాం. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"హిక్!"

కడుపుకీ ఊపిరితిత్తులకీ మధ్య డయాఫ్రం అనే కండరం ఉంటుంది. అది ఉన్నట్టుండి ముడుచుకుంటే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. వెంటనే గొంతులో స్వరతంత్రులు టక్కున మూసుకుంటాయి. ఆ చప్పుడే ఎక్కిలి. అంటే ఇందులో నా ప్రమేయం అణువంత కూడా లేదు. కానీ మౌనం పాటిస్తున్న హాలుకి ఈ శాస్త్రం వివరించేదెవరు?

పక్కనున్న అకౌంట్స్ ఆయన తల ఎత్తకుండానే రెండు వేళ్ళతో తన ముక్కు మూసి చూపించాడు. ఊపిరి బిగబట్టమని. ఈ సలహా వయసు తక్కువేం కాదు. దాదాపు 2,400 ఏళ్ల కిందట గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'సింపోజియం'లో, నాటకకర్త అరిస్టోఫనీస్ మాట్లాడే వంతు వచ్చేసరికి ఆయనకి ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. అక్కడున్న వైద్యుడు ముందు ఊపిరి బిగబట్టమంటాడు. తగ్గకపోతే నీళ్ళు పుక్కిలించమంటాడు. అప్పటికీ తగ్గకపోతే ముక్కులో ఏదైనా పెట్టుకుని తుమ్మమంటాడు. చివరికి ఆయనకి తగ్గింది తుమ్ముతోనే. సంతాప సభలో ఎక్కిలికి విరుగుడుగా తుమ్మేంత గుండె ధైర్యం నాకు లేదు కాబట్టి ఊపిరి బిగబట్టాను.

ఊపిరి ఆపితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి డయాఫ్రం కుదుటపడుతుందంటారు. నాది కుదుటపడలేదు. లోపల అణిగిన ఎక్కిళ్ళన్నీ కలిసి ఒకేసారి బయటపడ్డాయి. భుజాలు ఎగిరిపడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక నించున్న సీనియర్ మేడమ్ నా వీపు మీద చెయ్యి వేసి, "ఊరుకో బాబూ, మనసు గట్టి చేసుకో" అంది.

మౌనం ముగిసేసరికి నేను వెక్కి వెక్కి ఏడ్చానన్న వార్త ముందు వరుస దాకా వెళ్ళిపోయింది. పోయినాయన కొడుకు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాన్నగారంటే మీకింత అభిమానమని తెలీదండీ."

"నాకూ..." అన్నాను. మిగతాది ఎక్కిలి మింగేసింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

వరండాలోకి వచ్చాక అసలు వైద్యం మొదలైంది. ఫైలు మీద అభిప్రాయం రాయమంటే 'పరిశీలించి తగు చర్య' అని తప్ప ఇంకేమీ రాయని మనుషులు ఎంత గట్టి అభిప్రాయాలతో వచ్చారో! ఒకాయన నీళ్ళు గడగడా తాగెయ్యమన్నాడు. ఇంకొకాయన అస్సలు వద్దు, ఒక్కో గుక్కే చప్పరించమన్నాడు. మూడో ఆయన వాళ్ళిద్దర్నీ పక్కకి నెట్టి, ముందుకు వంగి గ్లాసు అవతలి అంచు నుంచి తాగితేనే పనిచేస్తుందన్నాడు. తాగాను. సగం ముక్కులోకి, సగం చొక్కా మీదకి పోయింది. తడిసిన మొహం, ఎర్రబడ్డ కళ్ళు చూసి దూరంగా ఉన్నవాళ్ళు "పాపం, ఇంకా తేరుకోలేదు" అనుకోవడం వినిపిస్తూనే ఉంది.

సలహాలో కష్టం దాన్ని వినడం కాదు. చెప్పిన మనిషి ఫలితం కోసం మన మొహంలోకి చూస్తూ అక్కడే నిలబడతాడే, అదీ కష్టం. ఎక్కిలి మళ్ళీ వచ్చిందా, "మీరు సరిగ్గా చెయ్యలేదు" అంటాడు. చిట్కా ఎన్నడూ తప్పు కాదు, రోగిదే తప్పు. ఎవరో చెంచాడు పంచదార నోట్లో పోశారు. ఎవరో తలుచుకుంటున్నారు, ఒక్కో పేరే చెప్పుకుంటూ పొమ్మన్నారు ఇంకొకరు. చుట్టాలందరూ అయిపోయి లోను వసూలు చేసే ఏజెంటు దాకా వెళ్ళినా ఆగలేదు.

ఇంతలో సెక్షన్ హెడ్ గారు గంభీరంగా వచ్చి, "మీకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిందోయ్" అన్నారు. ఠక్కున ఆగిపోయాయి. "ఊరికే అన్నానులే, భయపెడితే పోతాయని" అంటూ నవ్వారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ పీల్చుకోవడంలోనే మళ్ళీ పట్టుకున్నాయి.

అప్పుడు వచ్చాడు ధైర్యం చెప్పేవాడు. ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. "మీదేముంది సార్! అమెరికాలో చార్లెస్ ఆస్బోర్న్ అని ఒకాయనకి 1922లో పందిని తూకం వేస్తుంటే మొదలై 1990 దాకా ఆగలేదు. 68 ఏళ్ళు! అయినా పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు" అన్నాడు. ఆ క్షణంలో నాకు నా రిటైర్మెంటు సభ కళ్ళకి కట్టింది.

చివరికి కొత్తగా చేరిన కుర్రాడు తన ఫోన్లో ఏదో వెతికి, చదివి, మొహం ఎర్రగా చేసుకుని నా దగ్గరకొచ్చాడు. "పైకి చదవలేను సార్, మీరే చూడండి" అన్నాడు. చూశాను. ఫ్రాన్సిస్ ఫెస్మైర్ అనే అమెరికా డాక్టరు ఒక రోగి ఎక్కిళ్ళని మలద్వారంలో వేలు పెట్టి మర్దన చేసి ఆపాడట. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా 2006లో దానికి వచ్చిందట. ఫోన్లోంచి తల ఎత్తాను. చుట్టూ నా మేలు కోరే మిత్రులు, ఏ సహాయానికైనా సిద్ధంగా.

ఎక్కిళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ రాలేదు.

ఆ వెంటనే వాటా పంపకాలు మొదలయ్యాయి. తన పంచదార ఇప్పటికి పనిచేసిందని ఒకరు, అవతలి అంచు మహిమని ఒకరు. సెక్షన్ హెడ్ గారైతే భయం ఆలస్యంగా ఎక్కుతుందని సిద్ధాంతమే కట్టారు. నిజానికి మామూలు ఎక్కిళ్ళు చాలావరకు కాసేపట్లో వాటంతటవే పోతాయి. రెండు రోజులు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. ఆ మాట అక్కడ అని ఉంటే నన్ను బతకనిచ్చేవాళ్ళు కాదు. అసలు మందేదో తెలిసిన కుర్రాడూ నేనూ మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మొన్న ఆ పెద్దాయన కొడుకు ఫోన్ చేశాడు. నాన్నగారి స్మృతుల పుస్తకం వేస్తున్నారట. ఆత్మీయులంతా తలా ఒక వ్యాసం ఇస్తున్నారట. "మీది మొదటిది వెయ్యాలని అమ్మ పట్టుబట్టిందండీ. నాలుగు పేజీలు చాలు" అన్నాడు. కాదనలేకపోయాను. ఆయన పొడుగా పొట్టా అని పాత రికార్డు గదిలో ఎవర్నైనా అడగాలి.